ఎండకాలం, వానకాలం, చలికాలం: కుక్క పాదాలు ఎట్లా కాపాడుకోవాలె?

హంటర్‌రోడ్_ల్యాబ్:
హన్మకొండలో ఉంటం. రెండేళ్ల మగ ల్యాబ్రడార్, 31 కిలోలు. ఎండకాలమంతా పొద్దున ఏడున్నరకు, సాయంత్రం ఆరింటికి తారు రోడ్డు మీద నడిపించినం. అరికాలి మెత్తలు గరుకుగా అయి, ఒక దగ్గర పొర లేచింది. ఇప్పుడు వానలు మొదలైనయి. పది రోజుల నుంచి ముందు కాళ్లు రెండూ నాకుతనే ఉంది. వేళ్ల నడుమ ఎర్రగా ఉంది, అక్కడి తెల్ల వెంట్రుక ఇటుక రంగుకు తిరిగింది. కొబ్బరినూనె, పసుపు రాయమని కొందరు, బూట్లు కొనమని కొందరు అంటున్నరు. ఏది చెయ్యాలె? ఏ కాలానికి ఏ జాగ్రత్త తీసుకోవాలె?

పశువైద్యం_మామునూరు:
ముందు ఒక్కటి చూడండి: నాకేది ఒక కాలా, రెండు మూడు కాళ్లా? ఒక్క కాలే, అదీ ఒకే వేలి సందు అయితే ముల్లో, గడ్డి గింజో లోపల దిగి ఉంటుంది. రెండు మూడు కాళ్లయితే తడి, ఫంగస్, లేదా అలర్జీ. మీరు చెప్పింది రెండో రకం. ఇటుక రంగు రక్తం కాదు, లాలాజలంలోని రంగు. రోజులకొద్దీ నాకితేనే అంత పడుతుంది. వేళ్ల సందు వాసన చూడండి. పులిసిన పిండి వాసన వస్తే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరిగిందని అనుమానించాలి.

ఇంట్లో చేసేది ఇది. బయటి నుంచి రాగానే నాలుగు పాదాలూ మామూలు నీళ్లతో కడగండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 10 మిల్లీల బీటాడిన్ (10 శాతం ద్రావణం) కలిపితే పలచటి టీ డికాషన్ రంగు వస్తుంది. వెడల్పు గిన్నెలో ఒక్కో పాదం మూడు నిమిషాలు ముంచి ఉంచండి. అది తాగకుండా చూసుకోండి. తర్వాత పాత కాటన్ లుంగీ ముక్కతో ఒక్కో వేలి సందూ, పైనుంచీ కిందనుంచీ, అద్ది ఆరబెట్టాలి. గట్టిగా రుద్దితే చర్మం ఇంకా రేగుతుంది. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే: కడుగుతారు, ఆరబెట్టరు. దాంతో కడగడమే జబ్బుకు కారణమవుతుంది.

వారానికి రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన కుక్కల షాంపూతో పాదాలు రుద్ది, నురుగు పది నిమిషాలు ఉంచి కడగాలి. పది నిమిషాలంటే గడియారం చూసి పది నిమిషాలే. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు.

పసుపు వద్దు. ఎరుపు ఎంతుందో కనబడకుండా చేస్తుంది. కొబ్బరినూనె వేళ్ల సందుల్లో రాస్తే తడి అక్కడే నిలుస్తుంది, ఈస్ట్‌కు అది కలిసొస్తుంది. మనుషుల మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులు అసలే వద్దు. నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, తర్వాత రెట్టింపై వస్తుంది, పైగా కుక్క దాన్ని నాకి మింగుతుంది. వారం పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గర వేలి సందు నుంచి టేపుతో నమూనా తీసి మైక్రోస్కోపు కింద చూపించండి. ఈస్టా, బ్యాక్టీరియానా, గజ్జి పురుగా అక్కడే తేలుతుంది.

ల్యాబ్రడార్‌కు ఇంకో చిక్కుంది. పాదాల మీది పొట్టి, బిరుసు వెంట్రుక ఒరిపిడికి వెనక్కి తిరిగి చర్మంలోకే దిగి, వేళ్ల నడుమ ఎర్రటి గడ్డలు కడతాయి. వాటిని పిండకండి. లోపలే పగిలితే చీము పక్కకు పాకుతుంది.

గోదావరిఖని_షెపర్డ్:
ఎండ సంగతి నేను చెప్తా అన్నా. మీ టైమింగే తప్పు. మే నెలల పొద్దున ఏడున్నరకే తారు కాగుతది, సాయంత్రం ఆరింటికి ఇంకా సూర్యుడే దిగడు. దిగినంక కూడా తారు, సిమెంటు గంట రెండు గంటలు వేడి వదులుతనే ఉంటయి. పొద్దుగాల ఐదున్నర నుంచి ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది దాటినంక. అంతే. అరచేయి వెనుకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడు. నీకు ఆగకపోతే దానికీ ఆగదు.

బొబ్బ వచ్చినా, పొర లేచినా వెంటనే చల్లని నీళ్లు 15 నిమిషాలు ధార పట్టాలె. ఐస్ పెట్టొద్దు. ఇంకో మాట: ఎండకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి కాలేంత ఉంటయి. నల్లా తిప్పి కాలు పెడితే కాలిన దాన్ని మళ్లీ కాల్చినట్టే. కుండ నీళ్లో, అప్పుడే మోటరేసిన బోరు నీళ్లో వాడుండ్రి. లేచిన పొరను పీకొద్దు, అది కింద కొత్త తోలుకు మూత. నొప్పికని పారాసిటమాల్, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వెయ్యొద్దు. మనకు మామూలు గోలీ కుక్క కాలేయాన్నో, కిడ్నీనో, కడుపునో దెబ్బతీస్తది.

కొత్తగా వేసిన రోడ్డు తారు అంటుకుంటే కిరోసిన్ ముట్టుకోవద్దు. వంటనూనె పోసి పది నిమిషాలు మర్దన చేస్తే మెత్తబడి వస్తది. తర్వాత కుక్కల షాంపూతో కడగాలె.

పరకాల_పత్తిచేను:
ఊర్ల దిక్కు నడిపించేటోళ్లకు చెప్తున్న. వరి కోసినంక కొయ్యకాళ్లు, పత్తి కట్టె కొట్టినంక మిగిలే మోళ్లు మెత్తలను సూటిగా పొడుస్తయి. గట్ల మీద పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముండ్లు. పల్లేరుకాయను చిమటాతో పట్టి సూటిగా లాగితే వస్తది. తుమ్మ ముల్లు లోపల విరుగుతది, సూదితో కెలికితే ఇంకా లోతుకు పోతది. కుంటుతూ ఏమీ కనబడకుంటే బొటనవేలితో ఒక్కో మెత్తా నొక్కి, అవతలి కాలితో పోల్చి చూడాలె. రెండో రోజుకు వాపొస్తే డాక్టరే తియ్యాలె.

గడ్డిమందు కొట్టిన చేను, యూరియా చల్లిన మడి పక్క నుంచి వస్తే గేటు కాడనే కాళ్లు కడగాలె. కాలికంటిన మందు చర్మాన్ని మండిస్తది. నాకితే కడుపులకు పోతది, అసలు ప్రమాదం అది.

వానల్ల నల్లరేగడి మట్టి వేళ్ల నడుమ ముద్దగట్టి, ఆరినంక రాయి లెక్క అయితది. లాగితే వెంట్రుకతోని ఊడి వస్తది. నానబెట్టి కరిగించాలె. మురికి నీటి గుంటల్ల ఎలుక మూత్రం ఉంటది, కాలి పుండు నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. ఏడాదికోసారి వేసే టీకాల ఆ భాగం ఉందో లేదో అడగాలె. తడి మట్టిల కొంకి పురుగు పిల్లలు పాదాల తోలు గుండానే లోపలికి పోతయి, అందుకే నట్టల మందు మూడు నెలలకోసారి. గోమార్లు కూడా వేళ్ల సందుల్లనే దాక్కుంటయి. చర్మం దగ్గర పట్టుకొని నిదానంగా సూటిగా లాగాలె. కిరోసిన్ పొయ్యొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు.

సంక్రాంతి తర్వాత నెల రోజులు మాంజా దారం చూసుకోవాలె. వెంట్రుకల మరుగున కాలికి చుట్టుకుంటే కింది భాగం ఉబ్బుతది, రక్తం ఆగుతది. చలికాలం మెత్తలు పగిలితే రాత్రి తినిపించేటప్పుడు పెట్రోలియం జెల్లీ పల్చగా, మెత్తల మీద మాత్రమే. తిండి ధ్యాసల నాకదు. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు వద్దు, అది నాకితే విషం.

హంటర్‌రోడ్_ల్యాబ్:
అందరికీ దండాలు. రెండు కాళ్లే, పులిసిన వాసన ఉంది. కడుగుడు ఇయ్యాల్నే మొదలుపెడతా. బూట్ల సంగతి ఎవరూ చెప్పలే. కాలు కోసుకుంటే కట్టు ఎట్లా?

పశువైద్యం_మామునూరు:
బూట్లు ఎండలో తప్పనిసరిగా బయటికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, కట్టు కాపాడటానికి మాత్రమే. వానలో వద్దు. లోపల నీరు చేరి పాదం నానిపోతుంది. కొలిచేటప్పుడు ఒక ముందు కాలు ఎత్తి పట్టుకుని, రెండో కాలు కాగితం మీద ఆనించండి. బరువు పడి వేళ్లు విప్పారతాయి, అప్పుడు వెడల్పు గీయాలి. చాలా కుక్కలకు ముందు పాదం వెనుక దానికన్నా వెడల్పు, అందుకే రెండూ విడిగా కొలవండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. మొదట ఇంట్లో ఐదు నిమిషాలు అలవాటు చేయండి. బయట అరగంట దాటనివ్వకండి, పాదాలకు చెమట పడుతుంది.

కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఆపకుండా అదమండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ కారుతుంది. తర్వాత సెలైన్‌తో కడిగి, వేళ్ల సందుల్లో పల్చగా దూది, పైన గాజుగుడ్డ. మధ్య రెండు వేళ్ల గోర్లు బయటికి కనబడేట్టు కట్టాలి. ఆ గోర్లు ఎడంగా జరిగితే కట్టు బిగుసుకుందని అర్థం. బయటికి వెళ్లేటప్పుడు పాలిథిన్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. కట్టు తడిస్తే వెంటనే మార్చాలి. మెత్త లోతుగా చీలితే అదే రోజు కుట్లు వేయించండి. మెత్త మీద ప్రతి అడుగుకూ బరువు పడుతుంది కాబట్టి దానంతట అది పూడదు.

ఇంకొకటి: ముందు కాళ్ల లోపలి పక్కన కాస్త పైకి ఉండే గోరు నేలకు తగలదు, అరగదు. వంకర తిరిగి చర్మంలోకే దిగుతుంది. నెలకోసారి దాన్ని చూసి కత్తిరించండి. నల్ల గోరైతే ఒకేసారి కాకుండా పల్చటి ముక్కలుగా తీస్తూ పోండి, కోసిన చోట మధ్యలో చిన్న నల్ల చుక్క కనబడితే ఆగిపోవాలి. రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది ఐదు నిమిషాలు నొక్కి పట్టండి.