చిన్న షాపుకి వరద బీమా: బ్యాంకు తీయించిన పాలసీ చాలుతుందా?

ప్రశ్న:
అద్దెకు తీసుకున్న గ్రౌండ్ ఫ్లోర్‌లో షాపు, కింద సెల్లార్‌లో గోదాము ఉన్నాయి. సరుకు మామూలుగా 12 లక్షలది ఉంటుంది, సీజన్లో 20 లక్షల దాకా పోతుంది. అప్పిచ్చిన బ్యాంకు 12 లక్షలకు పాలసీ తీయించింది. అది చాలుతుందా? విడిగా రెండు కొటేషన్లు కూడా వచ్చాయి. ప్రీమియం తక్కువున్నది తీసుకోవచ్చాండీ?

జవాబు 1:
చాలదండి. బ్యాంకు చూసుకునేది తన అప్పు వరకే. చాలా పాలసీల్లో యావరేజ్ క్లాజ్ ఉంటుంది, అంటే సరుకు విలువలో ఎంత శాతానికి బీమా ఉందో నష్టంలోనూ అంత శాతమే ఇస్తారు. నీళ్లొచ్చిన రోజున గోదాములో 20 లక్షల సరుకుంటే, 12 లక్షల బీమా అంటే 60 శాతమే. 5 లక్షల సరుకు పాడైతే 3 లక్షలే లెక్కలోకి వస్తుంది, అందులోంచి ఎక్సెస్ (క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) కూడా పోతుంది. నష్టం 12 లక్షల లోపే కదా, మొత్తం ఇస్తారులే అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సీజన్లో ఉండే గరిష్ఠ విలువకే బీమా చేయించండి. లేదా ఎప్పటికప్పుడు నిల్వ విలువ తెలియజేసే డిక్లరేషన్ పాలసీ ఇస్తారేమో అడగండి. సరుకుకు కొన్న ధర వేయాలి, అమ్మకం ధర కాదు. మిషన్లకు తరుగు తీసి ఇస్తారా, కొత్తది కొనే ఖర్చు ఇస్తారా చూడండి. కొత్తదాని ఖర్చు కావాలంటే బీమా కూడా కొత్తదాని ధరకే ఉండాలి, లేకపోతే మళ్లీ అదే కోత.

జవాబు 2:
పై లెక్క సరైనదే, కానీ నాకు సెల్లారే ఎక్కువ భయంగా ఉంది. కొన్ని పాలసీలు సెల్లార్ సరుకును అసలు కవర్ చేయవు, కొన్ని చిన్న పరిమితి పెడతాయి. సరుకు నేలకు 4 నుంచి 6 అంగుళాల ఎత్తున ర్యాకుల మీదో చెక్కల మీదో ఉండాలని షరతు పెట్టేవీ ఉన్నాయి. అలాంటప్పుడు నేల మీదున్న పెట్టెల క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. సెల్లార్ ఉందని ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) తప్పకుండా రాయండి, దాచిపెడితే మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడుతుంది.

వరద అంటే ఏమిటో పాలసీలో చదవండి. డ్రైనేజీ నీళ్లు వెనక్కి తన్నడం, గోడల్లోంచి ఊట రావడం, పైపు పగలడం ఒక్కటి కావు. మూడింటికీ జవాబు రాతలో తీసుకోండి, ఏజెంటు నోటిమాట పనికిరాదు.

జవాబు 3:
భవనానికి యజమాని పాలసీ ఉన్నా మీ సరుకుకీ, మీరు చేయించిన పార్టిషన్లకీ, వైరింగ్‌కీ అది వర్తించదు. రిపేరుకో మరొకదానికో కస్టమర్లు వదిలిన వస్తువులుంటే విడిగా రాయించండి. షాపు మూతపడ్డ రోజుల ఆదాయ నష్టానికి బిజినెస్ ఇంటరప్షన్ కవర్ వేరే. అందులో మొదటి కొన్ని రోజులు వదిలేస్తారు, ఎన్ని రోజులో కొటేషన్లో చూడండి. బురద ఎత్తి శుభ్రం చేసే ఖర్చుకూ పరిమితి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. నీళ్లొస్తే ముందు ఏం చేయాలి?

జవాబు 1:
కరెంటు ఆపించండి, తడిసిన మిషన్లు ఆన్ చేయొద్దు. వెంటనే బీమా కంపెనీకి తెలియజేసి వాళ్లిచ్చే క్లెయిమ్ నంబరు రాసుకోండి. గోడ మీద నీటి గుర్తు పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీయండి. పొడి సరుకును విడిగా తరలించండి. మిగిలింది పాడవకుండా చూడటం మీ బాధ్యతే. తడిసినదాన్ని మాత్రం నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు. స్టాక్ రిజిస్టరు, కొనుగోలు బిల్లుల కాపీలు ఇప్పటినుంచే షాపు బయట ఉంచండి. అవి తడిస్తే సరుకెంతుందో చూపించడానికి ఆధారం మిగలదు.