అప్‌డేట్: అమ్మ టైలరింగ్ షాపు గుడ్డముక్కలు ఎటు వెళ్లాయంటే

అమ్మ షాపు మూసేశాక సంచుల కొద్దీ మిగిలిన కట్ పీసులు, లైనింగ్ ముక్కలు, పట్టు అంచులు ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. దాదాపు అన్నీ ఖాళీ అయ్యాయి.

ముందు కాటన్, పాలియెస్టర్ వేరు చేశాం. అనుమానం వస్తే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూశాం. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద. పాలియెస్టర్ కరిగిపోయి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.

కాటన్‌లో ఎక్కువ భాగం మా వీధిలో బొంతలు కుట్టే పెద్దమ్మ తీసుకుంది. అడుగున పాత నేతచీర, మధ్యలో ముక్కలు, పైన ఇంకో చీర వేసి దగ్గర దగ్గరగా కుట్టు. పాలియెస్టర్ ఇవ్వబోతే, "అది సూదికి జారుద్దమ్మా, చెమట కూడా పీల్చదు" అని పక్కన పెట్టేసింది. పెద్ద కాటన్ ముక్కలు, దుప్పట్లు గూంజ్ అనే స్వచ్ఛంద సంస్థ కోసం కట్టి ఉంచాం. పాత కాటన్ గుడ్డతో వాళ్లు శానిటరీ ప్యాడ్లు తయారు చేయిస్తారు.

జాకెట్టు ముక్కలు కుట్టు నేర్చుకునే పిల్లల ప్రాక్టీసుకు ఇచ్చాం. చిన్న పీలికలు మెకానిక్ షాపుకి, గ్రీజు తుడుచుకోవడానికి.

పాలియెస్టర్‌ని సన్నగా కత్తిరించి కింద కూర్చునే దిండ్లలో కూరాం. బరువెక్కువే, కానీ పనికొస్తున్నాయి. పట్టు అంచులు మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వనంటోంది. మనవరాలి పరికిణీకట!