అప్‌డేట్: అమ్మతో సెయింట్ డెనిస్ వెళ్లొచ్చాం

పారిస్‌లో ఒక పూట మిగిలింది, ఫ్రాన్స్ రాజుల సమాధులున్న సెయింట్ డెనిస్ చర్చికి అమ్మను తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. మెట్రో 13వ లైన్, దిగాక కాస్త నడకే. చర్చిలోకి ఉచితం, సమాధుల వైపు మాత్రం టికెట్.

70కి పైగా పడుకున్న రాతి విగ్రహాలు, కొందరి పాదాల దగ్గర బుజ్జి కుక్కలు. 12వ లూయీ సమాధి పైన రాజూ రాణీ మోకాళ్ల మీద ప్రార్థిస్తుంటారు. కింద వాళ్ల శవాలు కూడా రాతిలో చెక్కారు, పొట్ట మీద కుట్లతో సహా! "ఇదేం చోద్యమే" అంటూ అమ్మ అక్కడే ఆగిపోయింది.

1793లో విప్లవకారులు రాజుల ఎముకల్ని గోతుల్లో పడేశారు. 1817లో తిరిగి తెచ్చి నేలమాళిగలో పెట్టారు. మెట్లుంటాయని హెచ్చరించినవాళ్లకు థాంక్స్, అమ్మ పైనే కూర్చుంది.