రిలవెన్స్ మార్కులు ఎల్‌ఎల్‌ఎమ్‌తో వేయించొచ్చా?

ప్రశ్న: తెలుగు సెర్చ్ ఎంత బాగా పనిచేస్తుందో కొలవడానికి టెస్ట్ కలెక్షన్ (క్వెరీలు, ఫలితాలు, వాటికి మార్కులు) కడుతున్నాం. 50 క్వెరీలు, 3 సెర్చ్ సిస్టమ్‌ల టాప్ 20 ఫలితాలు పూల్ చేశాం (ఒకచోట కలిపాం). ఫలితం క్వెరీకి ఎంత సరిపోతుందో చెప్పే 0–3 రిలవెన్స్ మార్కులు మనుషుల బదులు ఎల్‌ఎల్‌ఎమ్‌తో (చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌తో) వేయిస్తే చెల్లుతుందా?

జవాబు 1: ముందు 10 క్వెరీలకు ఇద్దరు మనుషులతో వేయించండి. వాళ్లిద్దరి మధ్య కప్పా (కాకతాళీయంగా కలిసినవి తీసేశాక మార్కులు ఎంత కలిశాయో చెప్పే కొలత) ఎంతో తెలిస్తేనే, మనిషికీ మోడల్‌కీ మధ్య వచ్చే కప్పాకి అర్థం. తర్వాత మనుషుల మార్కులతో, మోడల్ మార్కులతో విడివిడిగా సిస్టమ్‌ల ర్యాంకింగ్ తీసి కెండాల్ టౌ (రెండు ర్యాంకింగ్‌లు ఎంత కలిశాయో చెప్పే కొలత) చూడండి. 3 సిస్టమ్‌లైతే టౌకి నాలుగే విలువలు వస్తాయి, దాంతో ఏం తేలదు. బీఎం25 (పదాలు పోల్చి వెతికే పద్ధతి) సెట్టింగులు మార్చైనా సిస్టమ్‌లను 15 దాకా పెంచండి.

జవాబు 2: సిస్టమ్‌లో రీర్యాంకర్‌గా (ఫలితాల వరుసను మళ్లీ సరిచేయడానికి) వాడిన మోడల్‌నే మార్కులు వేసే జడ్జిగా పెట్టకండి. తన పేపర్ తనే దిద్దుకున్నట్టు, ఆ సిస్టమ్‌కే స్కోరు పెరుగుతుంది. ఇంకోటి, క్వెరీ పదాలు కనిపిస్తే మోడల్ మెత్తబడుతుంది. ‘వరిలో సుడిదోమ నివారణ’ అని అడిగితే, లక్షణాలు మాత్రమే ఉండి మందు, మోతాదు లేని పేరాకి కూడా 3 ఇచ్చేయగలదు. అది 1కి మించదు. 3లు పడ్డవన్నీ మనిషి చూడాల్సిందే.

జవాబు 3: మార్కులు వేయమని మోడల్‌కి ఇచ్చే ప్రాంప్ట్‌ని ముందు మిరాకిల్ (పలు భాషల సెర్చ్ టెస్ట్ కలెక్షన్) తెలుగు డేటా మీద పరీక్షించండి, అవి మనుషులు వేసిన లేబుళ్లే. కాకపోతే అది వికీపీడియా, పైగా 0/1 మాత్రమే. మోడల్ ట్రైనింగ్‌లో ఆ డేటా చూసేసి ఉండొచ్చు కూడా.