సబ్బు, ద్రాక్ష, సీడీ: మైక్రోవేవ్‌లో ఒక్కొక్కటి ఒక్కోలా ఎందుకు ప్రవర్తిస్తుంది?

ప్రశ్న (భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు)

మైక్రోవేవ్‌లో సబ్బు దూదిపింజలా ఉబ్బడం, ద్రాక్షపండ్ల మధ్య మంట లేవడం, పాత సీడీ మీద మెరుపులు పాకడం వంటి వీడియోలు చూసి మా విద్యార్థులు కారణం అడుగుతున్నారు. ‘లోహం కాబట్టి’, ‘నీరు ఉంది కాబట్టి’ అని చెప్పి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. ఒకే లోహంతో చేసినా చెంచా ఊరకే ఉంటుంది, ఫోర్కు నిప్పురవ్వలు చిమ్ముతుంది. ద్రాక్షలో ఉన్నదీ చాలావరకు నీరే అయినా, గ్లాసులోని నీటి నుంచి ఎన్నడూ మంట రాదు. ఈ తేడాలను ఎలా వివరించాలి? వీటిలో తరగతిలో చూపించదగినవి ఏవైనా ఉన్నాయా?

మొదటి సమాధానం

మేడమ్, మీ సందేహంలోనే సగం జవాబు ఉంది. వస్తువు దేనితో తయారైందన్నది ఎంత ముఖ్యమో, దాని ఆకారం, పరిమాణం కూడా అంతే ముఖ్యం. ఈ ఓవెన్‌లోని తరంగాలు సెకనుకు సుమారు 245 కోట్ల సార్లు కంపిస్తాయి. గాలిలో వాటి తరంగదైర్ఘ్యం 12.2 సెంటీమీటర్లు. లోహం వాటిని పరావర్తనం చేస్తుంది. ఓవెన్ లోపలి గోడలు లోహంతోనే చేసినవి కనుక, లోహం కనబడగానే మెరుపులు వస్తాయన్న మాట సరికాదు. నునుపుగా, మందంగా ఉన్న చెంచాలో విద్యుదావేశం ఒకచోట పోగుపడదు. ఫోర్కు మొనల దగ్గరా, నలిపిన అల్యూమినియం రేకు మడతల దగ్గరా మాత్రం విద్యుత్ క్షేత్రం కేంద్రీకృతమై, మీటరుకు దాదాపు 30 లక్షల వోల్టులకు చేరితే గాలి తన నిరోధక గుణాన్ని కోల్పోతుంది. మనకు కనిపించే నిప్పురవ్వ అదే.

సీడీలోని అల్యూమినియం పొర అత్యంత పలుచనిది. అందులో ప్రవహించే విద్యుత్తు దానిని క్షణాల్లో వేడెక్కించి ముక్కలు ముక్కలుగా చీలుస్తుంది. ఆ ముక్కల అంచుల మధ్య మళ్లీ రవ్వలు పుడతాయి. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్ నుంచి వచ్చే పొగ పీల్చదగినది కాదు కనుక పిల్లలకు వీడియోలోనే చూపించండి.

రెండవ సమాధానం

ద్రాక్ష సంగతి నాకు ఎంతో ఇష్టమైనది కనుక కొంచెం వివరంగా రాస్తాను. పండును రెండుగా కోసి, మధ్యలో సన్నని తొక్క మిగిల్చితే ఆ ముక్కలు యాంటెన్నాలా పనిచేస్తాయనీ, తొక్క గుండా విద్యుత్తు ప్రవహించి మంట పుడుతుందనీ చాలాకాలం చెప్పుకున్నారు. 2019లో కెనడా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఆ వివరణను పక్కకు నెట్టింది. తొక్క అవసరం లేదు, కోయవలసిన పనీ లేదు. ఒకదానికొకటి తాకుతున్న రెండు పూర్తి పండ్లైనా, నీటిని పీల్చుకుని ఉబ్బిన హైడ్రోజెల్ గోళీలైనా అదే పని చేస్తాయని వారు చూపించారు.

నీటిలోకి ప్రవేశించిన మైక్రోవేవ్ తరంగదైర్ఘ్యం దాదాపు తొమ్మిదో వంతుకు కుదించుకుపోయి, సుమారు 1.3 సెంటీమీటర్లకు, అంటే ఇంచుమించు ద్రాక్షపండు పరిమాణానికి చేరుతుంది. అందువల్ల తరంగం పండులోనే చిక్కుకుని అనునాదం చెందుతుంది, అంటే కొలత సరిపోవడంతో లోపలే బలపడుతుంది. అలాంటి రెండు పండ్లు తాకినప్పుడు శక్తి అంతా వాటి మధ్యనున్న ఇరుకు చోటికి చేరుతుంది. రసంలోని సోడియం, పొటాషియం అక్కడ అయానీకరణం చెంది ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం గల వేడి వాయువుగా మారుతాయి. గ్లాసులోని నీటికి ఈ కొలత కుదరదు కనుక అది మామూలుగా వేడెక్కుతుందే తప్ప మంట పుట్టదు. ఒకసారి పుట్టిన ప్లాస్మా తానే మైక్రోవేవ్‌లను గ్రహిస్తూ పైకి ఎగసి ఓవెన్ పైభాగాన్ని కాల్చగలదు కనుక, దీనిని కూడా తరగతిలో ప్రయత్నించవద్దని నా గట్టి అభిప్రాయం.

మూడవ సమాధానం

సబ్బు విషయంలోనూ నిర్మాణానిదే ప్రధాన పాత్ర. తయారీలో గాలి కలిపిన, నీటిపై తేలే సబ్బు మాత్రమే అంతగా ఉబ్బుతుంది. వేడికి సబ్బు మెత్తబడుతుంది, అందులోని తేమ ఆవిరవుతుంది, ఆ ఆవిరితో పాటు గాలి బుడగలు కూడా వ్యాకోచిస్తాయి. గట్టిగా అదిమి చేసిన సబ్బు అయితే ప్రధానంగా కరుగుతుంది.

గుడ్డు పేలడానికి పెంకే కారణమని చాలామంది అనుకుంటారు. పెంకు తీసిన ఉడికిన గుడ్డు కూడా, ఓవెన్ నుంచి బయటకు తీశాక, కొరికిన క్షణంలో పేలవచ్చు. పచ్చసొనలో చిక్కుకున్న నీరు మరిగే స్థాయిని దాటి వేడెక్కి ఉండటమే అందుకు కారణం. నునుపైన కప్పులోని నీరు కూడా బుడగలు లేకుండానే 100 డిగ్రీలు దాటవచ్చు. అందులో చెంచా పెట్టగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. నా దృష్టిలో మెరుపుల కంటే ఇదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే చూసేవారికి ఏ హెచ్చరికా కనిపించదు.

తరగతికి నేను సూచించేది చాక్లెట్ ప్రయోగం. తిరిగే పళ్లేన్ని, దానిని తిప్పే భాగాన్ని తీసివేసి, పెద్ద చాక్లెట్ బిళ్లను కొద్ది సెకన్లు మాత్రమే వేడిచేయండి. కరిగిన చోట్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు ఉంటుంది. అది తరంగదైర్ఘ్యంలో సగం కనుక దానిని రెట్టింపు చేసి, ఓవెన్ వెనుక ముద్రించిన పౌనఃపున్యంతో గుణిస్తే కాంతి వేగానికి దగ్గరి విలువ వస్తుంది. తరంగాలు మూడు దిశల్లోనూ పరావర్తనం చెందుతాయి కనుక ఒక్క జత మచ్చలను నమ్మకుండా అనేక జతలను కొలిపించండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

అందరికీ కృతజ్ఞతలు. చాక్లెట్ ప్రయోగం తప్పక చేయిస్తాను. నీరే వేడెక్కుతుందంటే, మంచుగడ్డ కూడా అంతే వేగంగా కరగాలి కదా అని ఒక విద్యార్థి అడిగాడు. అతనికి ఏమని చెప్పాలి?

మొదటి సమాధానం రాసినవారు

కరగదండి. నీటి అణువులు తరంగంతో పాటు దిశ మార్చుకునే ప్రయత్నంలో శక్తిని గ్రహిస్తాయి. మంచులో అవి స్ఫటిక నిర్మాణంలో బిగుసుకుని ఉంటాయి కనుక చాలా తక్కువగా గ్రహిస్తాయి. అయితే ఉపరితలంపై కొంచెం నీరు ఏర్పడితే ఆ చోటే వేగంగా వేడెక్కుతుంది. గడ్డకట్టిన ఆహారం ఒకవైపు ఉడికిపోయి మరోవైపు గట్టిగా ఉండటానికి కారణం ఇదే. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన మంచుగడ్డల తడిని తుడిచి ఒక కప్పులో, దాదాపు అంతే బరువైన నీటిని మరో కప్పులో పోసి, రెండు కప్పులనూ ఒకేసారి ఓవెన్‌లో పెట్టి కొద్దిసేపు వేడిచేయండి. కప్పులు బయటకు తీయగానే ఉష్ణమాపకంతో కొలిపించి, తేడాకు కారణం ఆ విద్యార్థి చేతనే చెప్పించండి.