‘ఎగ్జిట్ మ్యూజిక్’లో ఆ గొంతు ఏ గదిలోది?

ప్రశ్న:
ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’ వినడం మొదలుపెట్టి ఆర్నెల్లయింది. రాత్రి లైటార్పి మొదటి నుంచి చివరిదాకా వింటాను. నాలుగో పాట ‘ఎగ్జిట్ మ్యూజిక్’ దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. మొదట్లో ఒక గిటార్, గాయకుడు థామ్ యార్క్ గొంతు, అంతే. ఆ గొంతు చుట్టూ పెద్ద ఖాళీ ఇల్లు ఉన్నట్టుంటుంది. నేనూ ఇంట్లో ఫోన్‌కి మైక్ తగిలించి పాడుకుంటాను. యాప్‌లో రివర్బ్ (గొంతుకి మారుమోత చేర్చేది) ఎంత పెంచినా బావిలోంచి పాడినట్టు వస్తోంది. వాళ్లు ఏం వాడారో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
అవి మెట్లండీ. రాతి మెట్లు.

ఇంగ్లండ్‌లో బాత్ నగరం దగ్గర సెయింట్ క్యాథరిన్స్ కోర్ట్ అని శతాబ్దాల నాటి బంగళా ఉంది. అప్పట్లో అది నటి జేన్ సేమూర్‌ది. 1996 సెప్టెంబర్‌లో బ్యాండ్ సామానంతా అక్కడికి చేరవేసింది. ఈ పాటకి యార్క్ ఆ ఇంటి రాతి మెట్ల దగ్గరే పాడాడు. మీరు వింటున్న మారుమోత ఆ రాతిది.

అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక యాపిల్ షెడ్‌లో పని మొదలుపెట్టారు. ‘నో సర్‌ప్రైజెస్’తో కలిపి నాలుగు పాటలు అక్కడివే. కానీ అక్కడ భోజనానికీ బాత్రూమ్‌కీ వసతి లేదు, అందుకే మారారు. మారగలిగారంటే కారణం రికార్డు కంపెనీ సామాన్లకి ఇచ్చిన లక్ష పౌండ్లు. ఆ డబ్బుతో ఎక్కడికైనా మోసుకెళ్లగల సరంజామా కొనుక్కున్నారు. ప్రొడ్యూసర్ నైజెల్ గాడ్రిచ్‌కి అప్పుడు పాతికేళ్లు. అంతకుముందు ఆల్బమ్ ‘ద బెండ్స్’కి ఇంజినీర్‌గా చేసిన కుర్రాడిని నమ్మి ఇంత పని అప్పగించారు. గంటకింత అని అద్దె పెరిగే స్టూడియో అయితే గాయకుణ్ణి మెట్ల మీదికి తీసుకెళ్లి చూసే తీరిక ఉండేది కాదని నా నమ్మకం.

1998లో ఈ క్యాసెట్ హాస్టల్‌కి తెచ్చుకున్నాను. ఈ పాటలో డ్రమ్స్ విరుచుకుపడే చోట నా వాక్‌మన్‌లో గరగరమనేది. పాడైందేమోనని ఇయర్‌ఫోన్స్ మార్చాను. కొత్తవాటిలోనూ అదే గరగర. బేస్ గిటార్‌కి ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి వాయించారని చాలా ఏళ్లకి తెలిసింది. ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది.

మీరు యాప్ రివర్బ్ తీసేసి, మీ బిల్డింగ్ మెట్ల దగ్గర పాడి చూడండి.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే. అయితే ఈ ఆల్బమ్ అంతా గదుల గొప్పతనమే అనుకుంటే పొరపాటు. ‘నో సర్‌ప్రైజెస్’ సంగీతాన్ని కాస్త వేగంగా వాయించి, టేపు నెమ్మదింపజేసి, దాని మీద యార్క్ పాడాడు. ఆ నిద్రమత్తు అలా వచ్చింది. ‘ఎయిర్‌బ్యాగ్’లో డ్రమ్మర్ ఫిల్ సెల్వే వాయించినదాంట్లోంచి కొన్ని సెకన్ల ముక్క తీసి, అదే మళ్లీ మళ్లీ వచ్చేలా లూప్ చేశారు, రికార్డుల ముక్కలతో సంగీతం కూర్చే డీజే షాడో ప్రభావంతో. ‘లెట్ డౌన్’ మాత్రం అదే బంగళా బాల్‌రూమ్‌లో తెల్లవారుజామున మూడింటికి రికార్డు చేశారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అదే.

ఈ ఆల్బమ్ విన్నాక అమెరికాలో క్యాపిటల్ రికార్డు కంపెనీవాళ్లు అమ్మకాల అంచనా 20 లక్షల నుంచి 5 లక్షలకు తగ్గించేశారు. రేడియోలో వేయడానికి పనికొచ్చే పాట లేదని వాళ్ల భయం. బ్రిటన్‌లో అది నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది, 1998లో గ్రామీ అవార్డు వచ్చింది. 2019లో ఆ రోజుల నాటి మినీడిస్క్‌లు (రికార్డింగులు దాచుకునే చిన్న డిస్కులు) లీకైతే బ్యాండే దాదాపు 18 గంటల రికార్డింగులను 18 పౌండ్లకు అమ్మకానికి పెట్టి, ఆ డబ్బును పర్యావరణ ఉద్యమానికి ఇచ్చింది. ఓపికుంటే వినండి. పాటలు ఇంకా కుదురుకోక తడబడుతున్న దశలో ఉంటాయి. పాడుకునేవాళ్లకి అంతకన్నా ధైర్యమిచ్చేది లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. నిన్న రాత్రి పదకొండున్నరకి మా మెట్ల మీద పాడాను. గ్రానైట్ మెట్లు. ఫోన్ నా పక్కనే ఉంచితే తేడా తెలియలేదు. నాలుగు మెట్లు కింద పెట్టి, టెర్రస్ తలుపు మూసి పాడితే గొంతు వెనక ఇల్లు వినిపించింది! రెండో చరణంలో లిఫ్ట్ చప్పుడు పడింది. ఆదివారం తెల్లవారుజామున, లిఫ్ట్ కదలని వేళ చూసి మళ్లీ పాడతాను.