మాట ఇచ్చి, చివరికి పోర్టల్ పిల్లల్ని తీసుకున్న కాలేజీ కోచ్: ఇది మోసమా, మామూలేనా?

ఫ్రిస్కో నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పన్నెండో తరగతి, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే స్థానం. పోయినేడాది ఆగస్టులో, తను పదకొండులో ఉన్నప్పుడు, ఒక డివిజన్ వన్ (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీ అసిస్టెంట్ కోచ్ ఫోన్ చేసి ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తామంది. తర్వాత హెడ్ కోచ్ కూడా జూమ్‌లో మాట్లాడింది. మేం సరేనన్నాం. ఆ మధ్యలో ఇంకో రెండు కాలేజీల వాళ్లు అడిగితే "కమిట్ అయిపోయాం, థాంక్స్" అని మర్యాదగా చెప్పాం. ఈ ఏప్రిల్‌లో ఆ కాలేజీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే లిస్టు నుంచి, ఇద్దరు గార్డులను తెచ్చుకుంది. ఇద్దరికీ ఇంకా రెండేళ్ల ఆట ఉంది. మే నెలలో మా పిల్లకు ఒక టెక్స్ట్ వచ్చింది: మా అవసరాలు మారాయి, నీకు అంతా మంచే జరగాలి. ఫోన్ కూడా కాదు, టెక్స్ట్!

కాలేజీ పేరు రాయను. నా ప్రశ్న ఒక్కటే. ఇది మోసం కాదా?

గోదారి గట్టు
అమ్మాయి ఎత్తెంతండి?

ఫ్రిస్కో నాన్న
5 అడుగుల 7 అంగుళాలు. దానికీ దీనికీ ఏం సంబంధం?

పాత పాయింట్ గార్డ్
అంకుల్, నోటిమాట ఆఫర్‌కు ఇక్కడ ఎవరి దగ్గరా విలువ లేదు. కోచ్‌నీ కట్టేయదు, అమ్మాయినీ కట్టేయదు. సంతకాలు జరిగేది పన్నెండో తరగతి నవంబర్‌లో. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక కాగితం ఉండేది, దాన్ని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు కాలేజీతో నేరుగా స్కాలర్‌షిప్ ఒప్పందమే. ఆగస్టులో మీకు దొరికింది ఆసక్తి, అంతే. కోచ్‌లు వెనక్కి తగ్గినట్టే అమ్మాయిలు కూడా తగ్గుతారు. ఒకచోట ఊ అని, అంతకన్నా పెద్ద కాలేజీ పిలిస్తే అటు పోయేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లను మోసగత్తెలు అంటామా?

ఫ్రిస్కో నాన్న
ముందు ఆ అంకుల్ అనడం ఆపండి. పదహారేళ్ల పిల్లా, జీతం తీసుకుని ఇదే పని చేసే కోచ్, ఇద్దరూ ఒకటేనా? పిల్ల మనసు మార్చుకుంటే ఆ కోచ్ లిస్టులో ఇంకో వంద పేర్లుంటాయి. మా పిల్ల లిస్టులో ఎన్ని ఉన్నాయి? ఇంకో సంగతి. పదో తరగతి అయ్యేదాకా కోచ్ తనంతట తాను ఫోన్ చేయకూడదని రూలు పెట్టారు కదా, పిల్లల మీద ఒత్తిడి ఉండకూడదని. మరి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని రూలు ఎందుకు పెట్టలేదు?

ఎడిసన్ అమ్మ
మీ బాధ అర్థమైంది. కానీ డివిజన్ వన్ తప్ప లోకమే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. మా పెద్దది ఇప్పుడు డివిజన్ త్రీలో ఆడుతోంది. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఒక్క డాలర్ ఇవ్వరు, నిజమే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు కూడా ఇవ్వవు. అయితే చదువుకు పేరున్న డివిజన్ త్రీ కాలేజీల్లో ప్రీ-రీడ్ అని ఒకటి ఉంటుంది. వేసవిలో కోచ్ మన మార్కులు, కోర్సుల లిస్టు తీసుకెళ్లి అడ్మిషన్స్ ఆఫీసులో చూపిస్తుంది. వాళ్లు సరే, కష్టం, కుదరదు అని ముందే చెప్పేస్తారు. మాకు జులైలోనే ఎక్కడ నిలబడ్డామో తెలిసిపోయింది. మార్కులను బట్టి ఇచ్చే మెరిట్ ఎయిడ్ వల్ల ఫీజులో సగం తగ్గింది. ఇప్పుడైనా ఆలస్యం కాలేదు, పది మంది కోచ్‌లకు వీడియో పంపండి.

ఫ్రిస్కో నాన్న
అమ్మా, నేను డివిజన్ త్రీ గురించి అడగలేదు. మోసమా కాదా అని అడిగాను.

లెక్కల మాస్టారు
అసలు కారణం కోర్టు సెటిల్‌మెంట్. కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో జడ్జి ఒప్పందానికి ఆమోదం తెలిపారు. జులై 1 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అదీ అన్ని ఆటలకూ కలిపి. దాంతోపాటు టీముకు ఇంతమందే అని లిమిట్ పెట్టారు. మహిళల బాస్కెట్‌బాల్‌కు 15. సీట్లు తగ్గాయి, కాబట్టి హైస్కూల్ పిల్లలకు దెబ్బ.

పాత పాయింట్ గార్డ్
తగ్గలేదు మాస్టారూ. మహిళల బాస్కెట్‌బాల్‌లో స్కాలర్‌షిప్‌లు ముందు నుంచీ 15. పెరిగింది మగవాళ్లకు, 13 నుంచి 15కు.

లెక్కల మాస్టారు
స్కాలర్‌షిప్‌లు 15, నిజమే. కానీ ఇదివరకు వాటిపైన సొంత ఖర్చుతో ఆడే వాకాన్ పిల్లల్ని ఎంతమందినైనా పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో వాకాన్‌తో కలిపి 15. అంటే తగ్గినట్టే కదా.

పాత పాయింట్ గార్డ్
వాకాన్ సీటు, స్కాలర్‌షిప్ సీటు ఒకటి కాదు. ఆయన అమ్మాయికి పోయింది స్కాలర్‌షిప్ సీటు. ఆ లెక్క మారలేదు.

లెక్కల మాస్టారు
మనుషుల లెక్క మారింది. నేను మనుషుల గురించి చెబుతున్నాను.

పాత పాయింట్ గార్డ్
సరే, చెప్పుకోండి.

బెజవాడ కుర్రాడు
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా చెల్లి అండర్-17 స్టేట్ ఆడింది. ఇక్కడైతే స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్, దానికో ఫైలు, అంతే. ఇండియా నుంచి అమ్మాయిలు అక్కడికి వెళ్లొచ్చా?

పాత పాయింట్ గార్డ్
వెళ్లొచ్చు. బెంగళూరు అమ్మాయి సంజన రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి డివిజన్ వన్ ఆడింది. నేనూ హైదరాబాద్ నుంచే వచ్చాను. ముందు మ్యాచ్ వీడియోలు కావాలి. హైలైట్స్ ఒక్కటే కాదు, ఒక మ్యాచ్ మొత్తం పెట్టండి, డిఫెన్స్ కనబడాలి. హైస్కూల్‌లో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి 16 కోర్ కోర్సులు, వాటిలో 4కు 2.3 జీపీఏ (సగటు మార్కు) ఉండాలి. ప్రవేశ పరీక్ష శాట్ స్కోర్ తప్పనిసరి అనే రూలు 2023లో తీసేశారు, కాలేజీ సొంతంగా అడిగితే వేరే సంగతి. ఒకటి గుర్తుంచుకోండి. స్కాలర్‌షిప్ వస్తుంది కానీ, ఇక్కడి పిల్లలు 2021 జులై నుంచి తమ పేరు, బొమ్మ మీద యాడ్‌లు చేసి సంపాదించుకుంటున్నారే, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద అది చేయడం ప్రమాదం. టీమ్‌మేట్ కారు కొంటుంది, మీ చెల్లి బస్సులో వెళ్తుంది.

గోదారి గట్టు
ఇందాక ఎత్తు అడిగింది ఊరికే కాదు. పోర్టల్‌లో వచ్చే గార్డుకు ఇరవయ్యో ఇరవై ఒకటో ఏళ్లుంటాయి. కాలేజీలో రెండు మూడేళ్లు వెయిట్స్ చేసి వస్తుంది. 5 అడుగుల 7 అంగుళాల పదిహేడేళ్ల పిల్లను ఆ పక్కన నిలబెడితే కోచ్ కంటికి ఏం కనబడుతుంది? పిల్ల తప్పు కాదు, వయసు.

ఫ్రిస్కో నాన్న
పిల్లను ఆగస్టులో చూసినప్పుడు కూడా వయసు అంతే. జులైలో టోర్నమెంట్‌కు వచ్చి మరీ చూశారు. మీలో ఎంతమంది వెళ్లారో తెలియదు, చెబుతాను వినండి. ఒక కన్వెన్షన్ సెంటర్ హాల్లో ఎనిమిది కోర్టులు పక్కపక్కన వేస్తారు. ఒక కోర్టులో విజిల్ వేస్తే పక్క కోర్టు పిల్లలు ఆగిపోతారు. కోచ్‌లు బేస్‌లైన్ వెనక కుర్చీల్లో, కాలేజీ లోగో ఉన్న పోలో షర్టుల్లో. పిల్లలతో మాట్లాడకూడదు, రూలు. చేతిలో ప్యాకెట్, అందులో మన పిల్ల జెర్సీ నంబర్, ఫోన్, జీపీఏ. ఆ ప్యాకెట్‌ను నిర్వాహకులు కోచ్‌లకు డబ్బుకే అమ్ముతారు. మనకేమో స్టే-టు-ప్లే, అంటే వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి, లేకపోతే టీమ్‌ను ఆడనివ్వరు. ఆ రెండు గంటలూ తల్లిదండ్రులు ఆట చూడరు, పోలో షర్టు ఎటు తిరిగిందో చూస్తారు. సెకండాఫ్ అంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్న కోచ్‌ను చూస్తే ఎంత కడుపు మండుతుందో! ఇన్నేళ్ల క్లబ్ ఫీజు, విమానం టికెట్లు, లీవులు. చివరికి ఒక టెక్స్ట్.

ఎడిసన్ అమ్మ
ఏమీ అనుకోకండి, ఒకటి అడుగుతాను. అమ్మాయి ఏమంటోంది? ఇంత రాశారు, ఆ పిల్ల మాట ఒక్కటీ లేదు.

ఫ్రిస్కో నాన్న
మా ఇంటి సంగతి మీకెందుకు? మీ పెద్దమ్మాయికి సీటు వచ్చింది కాబట్టి నాకు నీతులు చెబుతున్నారు.

ఎడిసన్ అమ్మ
నీతులు కాదు. పోయినేడాది ఇక్కడే కేక్ ఫొటో పెట్టారు, దాని మీద కాలేజీ పేరు, లోగో. నేనూ కంగ్రాట్స్ చెప్పాను. సంతకం లేకుండా ఊరంతా చెప్పాక, ఇప్పుడు బంధువులకు ఏం చెప్పాలన్నది మీ టెన్షన్. అది కోచ్ తప్పు కాదు.

ఫ్రిస్కో నాన్న
అది మీకు అనవసరం.

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. ఇంకోసారి ఇలా అయితే థ్రెడ్ లాక్ చేస్తాను.

లెక్కల మాస్టారు
పోర్టల్ వచ్చాక హైస్కూల్ పిల్లలకు చోటే లేదనడం కూడా అతి. 2025 మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ టైటిల్ యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ)ది. 82-59తో సౌత్ కరోలినాను ఓడించారు. పేజ్ బెకర్స్, అజీ ఫడ్, సారా స్ట్రాంగ్, ముగ్గురూ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు. స్ట్రాంగ్‌కు అది మొదటి ఏడాదే.

పాత పాయింట్ గార్డ్
అదే టీమ్‌లో పాయింట్ గార్డ్ కేట్లిన్ చెన్ ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది. 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) టైటిల్ గెలిచినప్పుడు ఏంజెల్ రీస్ మేరీలాండ్ నుంచి వచ్చిన మొదటి ఏడాదే. ఇద్దరు ముగ్గురు సూపర్ స్టార్లను చూపించి హైస్కూల్ పిల్లలకు ఢోకా లేదనలేం. టాప్ ర్యాంకు అమ్మాయిలకు ఎప్పుడూ చోటుంటుంది. దెబ్బంతా మధ్యలో ఉన్నవాళ్లకు, అంటే సరిగ్గా ఈయన కూతురు లాంటి పిల్లలకు. ఇది ఆయన పక్షానే చెబుతున్నాను, గమనించాలి.

ఫ్రిస్కో నాన్న
నా పక్షాన ఉంటే మరి ఆ పోర్టల్‌ను ఎందుకు వెనకేసుకొస్తున్నారు? ఆ ఇద్దరు గార్డులూ ఒకచోట సీటు, స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాళ్లే కదా. నచ్చకపోతే ఇంకోచోటు, అదీ నచ్చకపోతే మూడోది. హేలీ వాన్ లిత్ అనే గార్డు లూయివిల్, ఎల్‌ఎస్‌యూ, టీసీయూ మూడు కాలేజీలూ తిరిగింది. ఒక్కొక్కరికి మూడు సీట్లు, మా పిల్లకు మొదటిది కూడా లేదు. ఒకసారి చేరాక అక్కడే ఉండాలి. లేదా మారితే పాత రూలు ప్రకారం ఒక ఏడాది బెంచి మీద కూర్చోవాలి. అప్పుడు తెలుస్తుంది.

పాత పాయింట్ గార్డ్
హా, ఇప్పుడు బయటికొచ్చింది. కోచ్ మీద కాదు మీ కోపం, ఆ ఇద్దరు అమ్మాయిల మీద.

బెంచి మీద ఏడాది అంటున్నారు కదా, వినండి. నన్ను హైదరాబాద్ నుంచి పిలిపించిన కోచ్ నా రెండో ఏడాది తర్వాత పెద్ద కాలేజీకి వెళ్లిపోయింది. ఆమెకు ఏ బెంచీ లేదు, మర్నాడే కొత్త లోగో టోపీ పెట్టుకుని ఫొటో దిగింది. కొత్త కోచ్ తన పిల్లల్ని తెచ్చుకుంది. నేను వేరే డివిజన్ వన్‌కు మారితే ఏడాది ఆడకూడదు, అప్పటి రూలు. నాలాంటి వీసా పిల్లకు ఆడని ఏడాది అంటే ఇంట్లో ఏం చెప్పాలి? అక్కడే ఉండిపోయాను. చివరి రెండేళ్లలో మ్యాచ్‌కు నాలుగైదు నిమిషాలు, అదీ గెలుపు ఖాయమయ్యాక. ఆ రూలు 2021 ఏప్రిల్‌లో తీసేశారు, నా చదువు అయిపోయాక. 2024 నుంచి చదువులో సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు. ఆ తలుపు మళ్లీ మూసేయమంటున్నారు మీరు. రేపు మీ అమ్మాయే లోపల చిక్కుకుంటే అప్పుడు ఏమంటారు?

ఫ్రిస్కో నాన్న
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ అన్యాయం చేసింది మీ కోచ్. దాన్ని సరిచేయడానికి బయట నిలబడ్డ పిల్ల ఎందుకు మూల్యం చెల్లించాలి? లోపలున్నవాళ్లకు స్వేచ్ఛ వచ్చింది, మాటిచ్చినవాళ్లకు బాధ్యత రాలేదు. ఆ తేడా వచ్చి మా ఇంట్లో పడింది.

పాత పాయింట్ గార్డ్
అయితే అడగాల్సింది కోచ్‌నే. ఆఫర్ ఇచ్చిన రోజే కాగితం మీద పెట్టమనండి. అమ్మాయిల్ని ఒకచోట కట్టేయడం మాత్రం అడగకండి.

ఫ్రిస్కో నాన్న
పదకొండో తరగతిలో ఎవరూ కాగితం ఇవ్వరని మీరే చెప్పారు.

పాత పాయింట్ గార్డ్
అవును, ఇవ్వరు. రూలు మార్చాల్సింది అక్కడే. పోర్టల్‌లో కాదు.

ఫ్రిస్కో నాన్న
రెండూ మార్చాలి.

పాత పాయింట్ గార్డ్
నేను ఒప్పుకోను.

ఎడిసన్ అమ్మ
ఇంకా ఎవరూ నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఫ్రిస్కో నాన్న
మా అమ్మాయి ఆడతానంటోంది. ఎక్కడైనా సరే అంటోంది. సరేనా? "ఎక్కడైనా" అన్న మాట అనడానికి నాకే నోరు రావడం లేదు.

కేరీ కొత్త సభ్యుడు
థ్రెడ్ అంతా చదివాను. మా పాప ఏడో తరగతి. పెద్ద యూనివర్సిటీ హెడ్ కోచ్ సంతకంతో ఎలైట్ క్యాంప్‌కు పిలుపు వచ్చింది. అంటే పాపను ఎక్కడో చూసి ఉంటారు కదా? వెళ్లాలా?

ఎడిసన్ అమ్మ
చూసి ఉండకపోవచ్చు. క్యాంప్ కరపత్రం ఏ వయసు పిల్లలకైనా పంపొచ్చు, రూలు అడ్డు రాదు. క్లబ్ రిజిస్ట్రేషన్ లిస్టులు దొరికితే అందరికీ వెళ్తుంది. పాపకు సరదా ఉంటే పంపండి, ఆఫర్ కోసమైతే వద్దు.

ఫ్రిస్కో నాన్న
ఎంతమందిని పిలిచారో అడగండి. నాలుగు వందలంటే దగ్గర్లో పార్కు ఉంది, అక్కడ ఆడించండి. హోటల్ ఖర్చు మిగులుతుంది.